అరిగిన టైరును అడిగేవారేరి?

పన్ను తగ్గినా మారని అలవాటు – పల్లె బండ్లకు సొంతదారే బ్రేకు ఇన్‌స్పెక్టరు

నరసరావుపేట: మోటారు సైకిలు లేని ఇల్లు పల్నాడు పల్లెల్లో ఇప్పుడు అరుదు. పొలం వెళ్లాలన్నా, పాలకేంద్రానికి క్యాను చేర్చాలన్నా, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాలన్నా బండే దిక్కు. ఆ బండిలో పెట్రోలు అయిపోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఆయిలు మార్చవలసిన సమయం వస్తే మెకానిక్కు గుర్తు చేస్తాడు. టైరు ఎప్పుడు మార్చాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. లోపలి దారాలు పైకి తేలేదాకా, వారానికి రెండు పంక్చర్లు పడేదాకా అది అలాగే నడుస్తూ ఉంటుంది.

కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర 1,500 రూపాయలున్న టైరుకు అంతకుముందు పన్నుతో కలిపి 1,920 రూపాయలు అయ్యేది. కొత్త లెక్క ప్రకారం 1,770 రూపాయలు అవుతుంది. అంటే 150 రూపాయలు మిగులు. సామాన్యునికి ఇది మంచి వార్తే. అయితే ధర తగ్గినంత మాత్రాన గుండు టైర్లు రోడ్డు మీద నుంచి పోతాయా అన్నదే ప్రశ్న. టైరు మార్చకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఎప్పుడు మార్చాలో తెలియకపోవడం, తెలిసినా చూసేవారు లేకపోవడం అంతకంటే పెద్ద కారణాలు.

లారీకి పరీక్ష, బండికి లేదు

లారీ, బస్సు, ఆటో వంటి రవాణా వాహనాలు ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లక తప్పదు. కొత్తదై ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటేటా వాటికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం కావాలి. ఆ పరీక్షలో టైర్లూ చూస్తారు. ఫిట్‌నెస్ గడువు దగ్గర పడగానే లారీ యజమానులు టైర్ల కోసం పరుగెత్తడం అందరూ చూసేదే.

సొంత మోటారు సైకిలు సంగతి వేరు. ఒకసారి రిజిస్ట్రేషను అయితే అది 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఈ మధ్యకాలంలో బండిని ఏ అధికారికైనా చూపించి, ఇది రోడ్డు మీద తిరగడానికి పనికివస్తుందని అనిపించుకోవాలన్న నిబంధన లేదు. పదిహేనేళ్లలో ఆ బండి చేతులు మారవచ్చు. టైర్లు నాలుగైదు జతలు అరగవచ్చు. బ్రేకు ఇన్‌స్పెక్టరు దాని టైరు వైపు ఒక్కసారి కూడా చూడకుండానే ఆ గడువు గడిచిపోవచ్చు.

చట్టం లేదని కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన టైర్ల గురించే చెబుతుంది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లలో గాటు లోతు 0.8 మిల్లీమీటరు కంటే తగ్గరాదు. కార్లు మొదలైన మిగతా వాహనాలకు ఈ హద్దు 1.6 మిల్లీమీటర్లు. ప్రమాదకరమైన లోపంతో బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద 1,500 రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే రోడ్డు మీద తనిఖీ అనగానే ముందు హెల్మెట్టు, లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు అడుగుతారు. వంగి టైరు గాట్లు చూడడం అరుదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బండి గుండు టైరుతోనే చెక్‌పోస్టు దాటి వెళ్లిపోతుంది.

ఎండలో తెలియదు, వానలో ఆగదు

టైరు అరిగిన సంగతి బండి నడిపేవారికి వెంటనే తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. ఎండిన తారు రోడ్డు మీద గుండు టైరు కూడా దాదాపు మామూలుగానే పట్టుకుంటుంది. నేలకు రబ్బరు తగులుతున్నంతసేపు పట్టు ఉంటుంది. అందువల్ల వేసవి నాలుగు నెలలూ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన మనిషి, టైరు ఇంకా బాగానే ఉందని నమ్ముతాడు.

గాట్ల అసలు పని వానలో మొదలవుతుంది. రోడ్డు మీద ఉన్న నీరు టైరు కిందకు రాగానే ఆ గాట్ల గుండా పక్కలకు పోవాలి. అప్పుడే రబ్బరు తారును తాకుతుంది. గాట్లు అరిగిపోతే నీటికి పోయే దారి ఉండదు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది. వేగం పెరిగిన కొద్దీ ఆ పొర పెరుగుతుంది. అలాంటప్పుడు గేదె అడ్డం వచ్చి బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది గాని బండి జారుతూనే పోతుంది.

పల్నాడులో దీనికి నల్లరేగడి తోడవుతుంది. వాన పడిన మర్నాడు పొలం నుంచి రోడ్డెక్కే ట్రాక్టరు చక్రాలకు పట్టిన మట్టి తారు మీద పరుచుకుంటుంది. చిన్న జల్లు పడితే అది జిగట పూసినట్టు అవుతుంది. చిలకలూరిపేట, క్రోసూరు వైపు పత్తి, మిరప పొలాల దారుల్లో బండి నడిపేవారికి ఈ సంగతి కొత్త కాదు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి, కంకర లారీలు తిరిగే దారుల్లో బెడ్డలు, దుమ్ము మరో రకం ఇబ్బంది. చాలాకాలం ఎండిన తర్వాత పడే మొదటి జల్లు మరీ ప్రమాదకరం. రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, కారిన ఆయిలు నీటితో కలిసి జారుడుగా మారతాయి.

బ్రేకులు బాగున్నాయి గదా అనే మాటలో కొంతే నిజం ఉంది. 125 సీసీ లోపు కొత్త బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటును 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అది మేలే. కాని బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరు. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయి కంటే మించని మేర. తండ్రి, తల్లి, మధ్యలో పిల్లవాడు ఎక్కిన బండి బరువంతా ఆ రెండు అరచేతుల మీదే ఉంటుంది.

లెక్కల్లో కనిపించని టైరు

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు. అంటే నూటికి 44 మందికి పైగా. మొత్తం మరణాల్లో దాదాపు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. ప్రమాదాలు పట్నాల్లోనే ఎక్కువన్న అభిప్రాయం ఎంత తప్పో ఈ అంకెలు చెబుతున్నాయి.

అదే నివేదికలో మరణాలకు కారణాలు చూస్తే 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. అతివేగం అన్నది బండిని బట్టి, రోడ్డును బట్టి మారుతుంది. మంచి టైరున్న బండికి తడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం మామూలు వేగం. గాట్లు లేని టైరుకు అదే అతివేగం. మలుపులో జారి పడిన మనిషి గురించి వేగంగా వెళ్లాడని రాయడం తేలిక. టైరు గాటు లోతు కొలిచి రాయడం కష్టం. అందువల్ల అరిగిన టైరు వాటా ఎంతో లెక్కల్లో తేలదు. లెక్కల్లో లేదు గనుక ప్రచారంలోనూ అది వెనకబడింది. హెల్మెట్టు గురించి చెప్పినన్నిసార్లు టైరు గురించి ఎవరూ చెప్పరు.

పెట్టుబడి రోజుల్లోనే టైరు గండం

పల్లెలో ఖర్చులకు ఒక కాలం ఉంటుంది. పత్తి దసరా తర్వాత ఇంటికి వస్తుంది. మిరప కోతలు అయ్యి, సరుకు గుంటూరు యార్డుకు చేరి, డబ్బు చేతికి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. జూన్ వచ్చిందంటే విత్తనాలు, ఎరువులు, దుక్కులు, కూలీలు. ఆ రోజుల్లో చేతిలో ఉన్న ప్రతి రూపాయీ పొలంలోకే పోతుంది. బండి టైరు అరిగిందని తెలిసినా, పంట వచ్చాక చూద్దామని వాయిదా వేస్తారు.

సరిగ్గా అవే వానలు పడే నెలలు. టైరు గాట్లతో ఎక్కువ అవసరం ఉండేది జూన్ నుంచి నవంబరు వరకు. చేతిలో డబ్బు ఆడేది దాదాపు ఆ తర్వాతే. డబ్బు లేనప్పుడు టైరు కావాలి, డబ్బు ఉన్నప్పుడు ఎండిన రోడ్డు మీద పాత టైరే చాలుననిపిస్తుంది. ఇన్నేళ్లుగా గుండు టైర్లు తిరుగుతూ ఉండడానికి ఈ తిరకాసు కూడా ఒక ముఖ్య కారణం.

బరువులు పెరిగేది కూడా అప్పుడే. 45 కిలోల యూరియా బస్తా బండి వెనుక కట్టుకుని రావడం మామూలు. కొందరు రెండు వేస్తారు. టైరు మీద కొలతల పక్కన ఉండే అంకె అది మోయగల బరువును చెబుతుంది. 47 అని ఉంటే 175 కిలోలు, 54 అని ఉంటే 212 కిలోలు ఆ ఒక్క టైరు మోయగలదని అర్థం. అది సరైన గాలితో ఉన్న మంచి టైరు సంగతి. అరిగి, పగుళ్లు పట్టి, గాలి తగ్గిన టైరు ఆ బరువు మోస్తుందన్న నమ్మకం పెట్టుకోరాదు.

కిలోమీటరుకు తొమ్మిది పైసలు

టైరును పూర్తిగా అరగదీస్తే డబ్బు మిగులుతుందని చాలామంది లెక్క. ఆ లెక్క ఎంతో చూద్దాం. 1,770 రూపాయలు పెట్టి కొన్న టైరు 20,000 కిలోమీటర్లు నడిచిందనుకుంటే, కిలోమీటరుకు పడే ఖర్చు తొమ్మిది పైసలు కూడా కాదు. లీటరు పెట్రోలు 110 రూపాయలు, బండి లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు రెండు రూపాయలు. పెట్రోలు ముందు టైరు ఖర్చు ఇరవయ్యో వంతు కంటే తక్కువ.

చివరి 2,000 కిలోమీటర్లు నడపకుండా ముందే టైరు మార్చిన మనిషి పోగొట్టుకునేది 177 రూపాయలు. ఆ 2,000 కిలోమీటర్లలోనే పంక్చర్లు ఎక్కువ పడతాయి. రబ్బరు పలచబడ్డ టైరులో సర్కారు తుమ్మ ముల్లు కూడా ట్యూబు దాకా దిగుతుంది. రెండు మూడు పంక్చర్లు వేయించి, ఒక ట్యూబు మార్చేసరికి ఆ మిగులు మిగలదు. పొలం పని రోజున బండి తోసుకుంటూ పోయిన సమయానికి ఎవరూ విలువ కట్టరు. కాలో చెయ్యో విరిగితే అయ్యే ఖర్చు, మంచాన పడ్డ నెలల్లో పోయే కూలి ఈ లెక్కలో వేయనేలేదు.

ఎప్పుడు మార్చాలి?

కిలోమీటర్లను బట్టి ఇన్ని వేలకు టైరు మార్చాలని అందరికీ ఒకే మాట చెప్పలేరు. రోడ్డును బట్టి, బరువును బట్టి, గాలిని బట్టి, నడిపే తీరును బట్టి అరుగుదల మారుతుంది. చూసి తెలుసుకోవలసిందే. అందుకు చదువు అక్కరలేదు.

మొదటిది, టైరు మీదే ఉన్న గుర్తు. టైరు పక్కభాగం పైఅంచున చిన్న త్రికోణం గాని, టి డబ్ల్యు ఐ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు గాని ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా గాటు అడుగున చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. పైరబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. ఇక వాయిదా వేయరాదు. టైరు చుట్టూ ఇలాంటి గుర్తులు కొన్ని ఉంటాయి. ఒక్కచోట సమానమైనా మార్చవలసిందే.

రెండోది, అగ్గిపుల్ల. దాని మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. టైరు నడిమి గాటులో అగ్గిపుల్లను పడుకోబెట్టాలి. పుల్ల గాటులో మునిగితే ఇంకా కొంతకాలం నడుస్తుంది. పైకి తేలితే గాటు లోతు రెండు మిల్లీమీటర్ల లోపుకు వచ్చినట్టు. చట్టం చెప్పిన హద్దు ఇంకా రాకపోయినా, వానకాలం ముందుంటే కొత్త టైరుకు డబ్బు సిద్ధం చేసుకోవలసిన సమయం అదే.

మూడోది, ఆకారం. కొత్త టైరు పైభాగం గుండ్రంగా ఉంటుంది. వెనుక టైరు నడిమి భాగం ముందు అరిగి బల్లపరుపుగా అవుతుంది. అలాంటి టైరుతో మలుపు తిరిగేటప్పుడు బండి ఒక్కసారిగా పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. అంచులు రెండూ ఎక్కువ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువగా నడిపినట్టు. నడుమ మాత్రమే మరీ అరిగితే గాలి ఎక్కువ పెట్టి ఉండవచ్చు. ఒక పక్కే అరిగితే చక్రం వరస తప్పిందేమో మెకానిక్కుకు చూపించాలి. కారణం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

నాలుగోది, పగుళ్లు, ఉబ్బు. టైరు పక్కభాగంలో సన్నని చీలికలు కనబడితే రబ్బరు ఎండిపోయిందని అర్థం. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోదే. చెట్టు నీడ లేని పొలం గట్టున రోజంతా నిలబెట్టే బండి టైరుకు ఈ పగుళ్లు త్వరగా వస్తాయి. పక్కన బొబ్బలా ఉబ్బితే లోపలి దారాలు తెగాయన్నమాట. గాట్లు ఎంత లోతున్నా అలాంటి టైరును వెంటనే తీసివేయాలి. అది ఏ క్షణాన పేలుతుందో చెప్పలేం.

ఐదోది, వయస్సు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవారికి చూపించాలని, పదేళ్లు నిండితే గాట్లున్నా మార్చాలని టైరు కంపెనీలు సూచిస్తున్నాయి. తక్కువ తిరిగే ముసలివాళ్ల బండ్లు, కొడుకు ఊళ్లో లేక ఇంట్లో నిలిచిపోయిన బండ్ల విషయంలో ఇది ముఖ్యం. గాట్లు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం చచ్చిపోయి ఉంటుంది.

ముందు టైరును మరచిపోతున్నారు

వెనుక టైరు త్వరగా అరుగుతుంది గనుక అందరి కళ్లూ దాని మీదే. ముందు టైరు నిదానంగా అరుగుతుంది. వెనుకది రెండుసార్లు మార్చినా ముందుది అలాగే ఉంటుంది. కాని బండి తిరిగేది ముందు చక్రం మీద. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే ఒరుగుతుంది. వెనుక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకునే అవకాశం కొంత ఉంటుంది. ముందు చక్రం జారితే తేరుకునే లోపలే మనిషి కింద పడతాడు. అందువల్ల ముందు టైరును వెనుకదానికంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

అతుకులతో ఆరు నెలలు

టైరు కోసుకుపోతే పాత టైరు ముక్కను కోసి లోపల అతికించి నడపడం పల్లెల్లో అలవాటు. ఆ ముక్క ట్యూబును ముల్లు నుంచి కొంతవరకు కాపాడవచ్చు గాని తెగిన టైరుకు బలం ఇవ్వదు. ఊరు చేరడానికి పనికొస్తుంది, ఆరు నెలలు నడపడానికి కాదు. ట్యూబులెస్ టైరుకు నడిమి భాగంలో పడిన చిన్న రంధ్రాన్ని పూడ్చవచ్చు. పక్కభాగంలో తెగితే పూడ్చినా నమ్మరాదు.

పట్నాల్లో దొరికే పాత టైర్లతో మరో చిక్కు ఉంది. అరిగిన టైరులో కత్తితో మళ్లీ గాట్లు కోసి, నల్లరంగు పూసి అమ్మే పద్ధతి ఉంది. పైకి కొత్తదానిలా మెరుస్తుంది. కాని కోసిన గాటు కింద మిగిలే రబ్బరు కాగితమంత పలచగా ఉంటుంది. అయిదారు వందలకు వచ్చిందని సంతోషించి కొన్నవారు కొనేది టైరు కాదు, ప్రమాదం. లారీ టైర్లకు చేసే రీట్రేడింగు వేరే పని. దానికి పెద్ద యంత్రాలు, కొత్త రబ్బరు కావాలి. రెండింటినీ ఒకటిగా చూడరాదు.

కొనేటప్పుడు చూడవలసినవి

వాహనాల టైర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2009లో నాణ్యతా ఉత్తర్వు తెచ్చింది. ఆ ముద్ర లేని టైరును కొనరాదు. పాత టైరు మీద ఉన్న కొలతలే కొత్తదానికీ ఉండాలి. లావుగా ఉంటే అందమని పెద్ద సైజు వేయించుకుంటే చైను కవరుకు రాసుకోవడం, బండి బరువెక్కడం వంటి ఇబ్బందులు వస్తాయి. తయారైన వారం, సంవత్సరం చూసుకోవాలి. రెండు మూడేళ్లు దుకాణంలో పడి ఉన్న సరుకును కొత్తదాని ధరకు కొనడమెందుకు? బిల్లు అడిగి తీసుకోవాలి. పన్ను 18 శాతమే వేశారా అన్నది బిల్లు మీదే తెలుస్తుంది. వారంటీ అడగాలన్నా బిల్లే ఆధారం.

టైరు పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే వైపు ఆ బాణం చూపేలా బిగించాలి. ట్యూబు టైరు అయితే పాత అతుకుల ట్యూబును కొత్త టైరులో పెట్టడం దండగ. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది గనుక మొదటి వంద కిలోమీటర్లు నిదానంగా పోవాలి.

గాలి విషయం అన్నిటికంటే చౌక. ఏ చక్రానికి ఎంత గాలి ఉండాలో, ఒక్కరే ఎక్కితే ఎంతో, ఇద్దరు ఎక్కితే ఎంతో బండి మీద అంటించిన స్టిక్కరులో రాసి ఉంటుంది. చాలా బండ్లకు అది చైను కవరు దగ్గర కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కి చూసే గాలి లెక్క సరికాదు. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పెట్టాలి. పదిహేను రోజులకొకసారి, బండి ఎక్కువ దూరం తిరగకముందు, గేజి పెట్టి కొలిపించుకుంటే టైరు ఆయుష్షు పెరుగుతుంది, పెట్రోలూ కొంత కలిసి వస్తుంది.

చేయవలసినవి

జరిమానాలు పెంచినంత మాత్రాన ఈ సమస్య తీరదు. 1,770 రూపాయల టైరు కొనలేని మనిషి మీద 1,500 రూపాయల జరిమానా వేస్తే, ఆ టైరు కొనే రోజు మరింత వెనక్కి పోతుంది. ముందు చూపించి చెప్పాలి. గడువిచ్చి మళ్లీ చూడాలి. అప్పటికీ మార్చకపోతే జరిమానా న్యాయమే. రవాణా శాఖ ఏటా జనవరిలో జరిపే రహదారి భద్రతా మాసంలో పట్నాల్లో ర్యాలీలతో ఆగకుండా, మండల కేంద్రాల్లో సంత రోజున బండ్ల టైర్లు కొలిచి చూపిస్తే పల్లెలకు ఆ మాసం ఉపయోగపడినట్టవుతుంది. మహాశివరాత్రికి వేల బండ్లు కోటప్పకొండ దారి పడతాయి. కొండ ఎక్కేముందు టైర్లు చూసి పంపే ఏర్పాటు ఉంటే, దిగేటప్పుడు జరిగే అనర్థాలు కొన్నయినా తగ్గుతాయి.

పాల సంఘాలు, సహకార పరపతి సంఘాలు ఈ విషయంలో ముందుకు రావచ్చు. విత్తనాలకు, ఎరువులకు అప్పిచ్చే సంఘం జూన్ నెలలో ఒక టైరుకు అప్పు ఇచ్చి పంట వచ్చాక వసూలు చేసుకోవడం పెద్ద విషయం కాదు. రోజూ తెల్లవారుజామున తడి రోడ్ల మీద పాల క్యానులు మోసే బండ్లకైనా ఇది మొదలుపెట్టవచ్చు. ఊరి పంక్చర్ షాపు వారి మాట కూడా విలువైనదే. చక్రం విప్పినప్పుడు టైరు లోపలి స్థితి చూసేది వారే. అతికించి పంపడమే కాక, ఇది ఇక పనికిరాదని ఖండితంగా చెప్పడం వారి బాధ్యత.

అధికారులు వచ్చినా రాకపోయినా ఇంటివారు చేసుకోగలది ఒకటుంది. ఏడాదికి రెండుసార్లు టైర్లు చూడాలని గుర్తు పెట్టుకోవడానికి పండగలే చాలు. ఉగాది నాటికి మిరప డబ్బు కొంత చేతికి వస్తుంది, వానలు ఇంకా దూరంగా ఉంటాయి. అగ్గిపుల్ల పైకి తేలిన టైరును అప్పుడే మార్చేస్తే జూన్ పెట్టుబడులకు అడ్డు రాదు. దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం ఇంటింటా జరిగేదే. తుపానుల నెలలు ఆ వెంటనే వస్తాయి. కుంకుమ బొట్టు పెట్టే చేయి ఆ టైరు గాట్లను కూడా ఒకసారి తడిమి చూస్తే చాలు. పదిహేనేళ్లదాకా ఏ ఇన్‌స్పెక్టరూ రాని బండికి అదే తనిఖీ.